నాలుగు లేని లెక్క

ఇస్త్రీ రోలరు నోట్లోంచి దుప్పటి వేడివేడిగా బయటికి జారుతుంటే దొరసాని రెండు మూలలూ ఒడిసిపట్టి విదిలించింది. అవతలి మూలలు వాగుడుకాయ పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి అడుగేసి గుంజారు, ముందుకొచ్చి మూలలు కలిపారు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. మడత పడిన దుప్పటి బల్ల మీదికి చేరేసరికి రోలరు ఇంకోదాన్ని కక్కింది.

హోటలు అడుగున, నేలకింద ఉన్న ఆ లాండ్రీ గదికి కిటికీల్లేవు. బయట ఎండ కాస్తోందో వాన కురుస్తోందో పైనుంచి దిగే తువ్వాళ్ళను బట్టి తెలుసుకోవాలి. దొరసాని అన్నది ఆమె అసలు పేరు కాదు. ఉతికేది పరాయివాళ్ళ పక్కబట్టలే అయినా, మూతి విరుపు మాత్రం వాటిమీద పడుకున్నవాళ్ళని మించి ఉంటుందని ఎవరో ఆ పేరు పెట్టారు. ఆమెకు నచ్చింది. ఉంచేసుకుంది. పొట్టిగా, బిగువుగా ఉండే మనిషి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. నెరిసిన జుట్టును ఒక్క వెంట్రుక కూడా జారకుండా ముడేసి పిన్నులు గుచ్చుకుంటుంది.

మనుషులంటే ఆమెకు పెద్దగా గౌరవం లేకపోవడానికి సగం కారణం ఆ గదే. పైన సూట్లేసుకుని, సెంట్లు పూసుకుని తిరిగేవాళ్ళందరూ కింద ఆమె చేతికి చిక్కుతారు. వీడు దిండు గలీబుతో బూట్లు తుడిచాడు. ఈవిడ మొహం కడుక్కోకుండానే పడుకుంది. వీడికి ఇంత వయసొచ్చినా కప్పు ఒలక్కుండా తాగడం రాదు. రోజంతా ఇలా లోకానికి మార్కులు వేస్తూ ఉంటుంది. ఇంతవరకూ ఎవరూ పాసవలేదు.

"అక్కా, ఓ మాట చెప్తే కోప్పడవుగా?" అంది వాగుడుకాయ.

"కోప్పడే మాటైతే కోప్పడతా. చెప్పు."

"పోయిన శనివారం మా ఆడపడుచు టైర్ల షాపు పైనున్న డ్యాన్సు క్లబ్బుకెళ్ళిందంట. అక్కడ బావగారు కనిపించారంట."

"కనిపిస్తారు. ఏడాది నించీ ప్రతి శనివారం అక్కడే. నాతో చెప్పే వెళ్తారు."

"అది కాదక్కా. సల్సా అంటే ఏంటనుకున్నావ్? చెయ్యీ చెయ్యీ పట్టుకుని, నడుం మీద చెయ్యేసి..."

"ఎవరి నడుం మీద?"

"ఎవరు దొరికితే వాళ్ళ నడుం మీద. పాట పాటకీ మనిషి మారిపోతుందంట."

దొరసాని దుప్పటిని ఎంత గట్టిగా గుంజిందంటే, అవతల వాగుడుకాయ రెండడుగులు తూలి బల్లకు గుద్దుకుంది.

నిజానికి సల్సా అంటే ఏమిటో ఆమె ఎప్పుడూ అడగలేదు. మొగుడు ఉద్యోగం దిగిపోయిన వారానికి, "సల్సా నేర్చుకుంటానే" అన్నాడు. డాక్టరు చెప్పిన వ్యాయామం కాబోలనుకుని, "చేతులూ కాళ్ళూ విరగ్గొట్టుకోకండి, నేను చాకిరీ చెయ్యలేను" అని ఊరుకుంది. అతని గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి ఆమెకు ఎప్పుడో చచ్చిపోయింది. తెలుసుకోవడానికి ఏముంది కనక? ఊరి నడిబొడ్డున ఉన్న పాత ఆఫీసు భవనంలో అతను లిఫ్టు నడిపాడు. అందరూ లిఫ్టాయన అనేవారు. పెళ్ళయిన కొత్తలో లిఫ్టు నడపడమంటే రైలు నడిపినంత పనని ఆమె భ్రమపడింది. ఓ రోజు వెళ్ళి చూస్తే ఏముంది, బీరువాలాంటి పెట్టెలో ఓ స్టూలు, స్టూలు మీద తన మొగుడు. ఎవరో వచ్చి నొక్కమన్న బటను నొక్కడం, తలుపు తీసి పక్కకు ఒదిగి నిలబడడం. అంతే. ఆ తర్వాత ఎవరైనా నొక్కుకోగలిగే లిఫ్టులొచ్చాయి. పాతకాలపు మర్యాద కోసమని అతన్ని ఇంకొన్నేళ్ళు ఆ పెట్టెలోనే ఉంచి, చివరికి ఓ గోడగడియారం చేతిలో పెట్టి పంపేశారు.

అతనికి కోపం రాదు. గట్టిగా మాట్లాడడం రాదు. బేరమాడడం రాదు. ఉన్నది ఒకే ఒక్క జోకు. ఆమె ఎప్పుడైనా, "నన్నెక్కడికైనా తీసుకెళ్ళరాదూ" అంటే, "పైకా, కిందికా?" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో నవ్వింది. కూతురు పుట్టాక నవ్వడం మానేసింది. కూతురు ఉద్యోగమొచ్చి వేరే ఊరు వెళ్ళేనాటికి, అడగడమూ మానేసింది.

అలాంటి మనిషి ఎవరిదో నడుం మీద చెయ్యేశాడట!

ఆ రోజూ శనివారమే. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి లిఫ్టాయన వంటింటి బల్ల మీద చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మెరిసే గుండీలున్న నల్ల చొక్కా. అప్పుడే జుట్టుకు రంగేసినట్టున్నాడు, చెవి పైన చర్మం కూడా నల్లగా ఉంది. దొరసాని చెప్పులు విప్పుతూ ఆ చొక్కా వంక చూసింది. కాలరు మీద రెండు మడతలు, చేతుల మీద గీతలు. రోజూ వందల బట్టలు సాపు చేసే మనిషి ఇంట్లో ఇస్త్రీపెట్టె ముట్టుకోదు. ముట్టుకోమని అతనూ ఏనాడూ అడగలేదు.

"ఏ మహారాణి గారితో ఇవాళ?" అంది.

"ఎవరొస్తే వాళ్ళతో," అన్నాడతను అమాయకంగా.

ఆ జవాబుకి ఆమె ఒళ్ళు మండిపోయింది. కూతురికి ఫోన్ చేసింది. "ఆడుకోనీ అమ్మా. ఆ వయసులో ఆ మాత్రం హుషారుంటే మంచిదేగా," అంది కూతురు. తండ్రి పోలికే. ఎవరేం చేసినా తలుపు తీసి పక్కకు నిలబడే రకం. ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కుని, బూడిదరంగు గౌను మీద కోటు తొడుక్కుని, అతను వెళ్ళిన కాసేపటికి ఆమె బయల్దేరింది. దేనికి వెళ్తోందో ఆమెకు స్పష్టంగా తెలుసు. రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవాలి. అందరి ముందూ కడిగెయ్యాలి. మళ్ళీ శనివారం అన్న మాట ఎత్తకుండా చెయ్యాలి.

టైర్ల షాపు పక్కన సన్నటి మెట్లు. రెండంతస్తులు ఎక్కాలి, లిఫ్టు లేదు. బతుకంతా మెట్టెక్కని మనిషి ప్రతి వారం ఇవన్నీ ఎక్కుతున్నాడా అని సగం దారిలో ఆగి రొప్పుతూ అనుకుంది. పైన తలుపు దగ్గర బల్ల, బల్ల వెనక గోళ్ళ రంగు ఆరబెట్టుకుంటున్న ఓ అమ్మాయి.

"జంటా ఆంటీ, ఒంటరా?"

"పెళ్ళయినప్పట్నించీ రెండూనే," అని దొరసాని లోపలికి నడిచింది.

ఒకప్పుడు ఫర్నిచర్ అమ్మిన హాలది. సోఫాలు తీసేశారు కానీ గోడలకు అద్దాలు అలాగే వదిలేశారు. పైన రంగుల బల్బొకటి తిరుగుతోంది. సెంటు, చెమట, తడి సాక్సు వాసనలు కలిసిపోయి, ఉతకని బట్టల బుట్ట తెరిచినట్టుంది. స్తంభం చాటున ఓ కుర్చీ చూసుకుని కూర్చుంది. అక్కణ్ణించి అందరూ కనిపిస్తారు, ఆమె ఎవరికీ కనపడదు.

నడిమధ్య పిలకేసుకున్న మాస్టారొకడు, కాళ్ళకు కుట్టేసినట్టున్న ప్యాంటుతో, "నవ్వండి! భుజాలు వదలండి! నడుంలో నీళ్ళున్నాయనుకోండి!" అని అరుస్తున్నాడు. అతను చెప్పినట్టే అందరూ నడుముల్లో నీళ్ళున్నట్టు ఊగుతున్నారు. బొత్తాలు విప్పుకుని ఛాతీ వెంట్రుకలు ప్రదర్శిస్తున్న బట్టతలాయన తన జోడీని చూడ్డం లేదు, అద్దంలో తనని తాను చూసుకుంటున్నాడు. మడమ మీద చర్మం లేచిపోయినా ఎత్తు చెప్పులు విడవని ఆవిడ ప్రతి తిరుగుడుకీ పళ్ళు బిగించి నవ్వుతోంది. ఎర్ర గౌను అమ్మాయి పాటకూ పాటకూ మధ్య ఫోన్‌లో తన ఫొటోలు తీసుకుంటోంది. వీళ్ళ ఇళ్ళలో దుప్పట్లు ఎలా ఉంటాయో దొరసానికి చూడకుండానే తెలిసిపోయింది.

మొగుడు ఎక్కడ? ఆ గుంపులో ఏ నడుము పక్కనా లేడు.

అవతలి గోడ వారన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద చేతులు, నిటారుగా వెన్ను. పాట మారగానే లేచాడు, చొక్కా కిందికి లాక్కున్నాడు, నవ్వు మొహం పెట్టుకుని ఎత్తు చెప్పులావిడ దగ్గరికెళ్ళి కాస్త వంగి చెయ్యి చాచాడు. ఆవిడ ఏదో చెప్పి తల అడ్డంగా ఊపింది. "పర్లేదండీ," అన్నట్టు అతని పెదాలు కదిలాయి. తిరిగొచ్చి కూర్చున్నాడు. ఇంకో పాటకి మళ్ళీ లేచాడు, ఇద్దరు స్నేహితురాళ్ళు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడ్డాడు. లిఫ్టు తలుపు పట్టుకుని, ఎక్కుతారో ఎక్కరో తేల్చుకోమని ఆగినట్టు. వాళ్ళు తల తిప్పలేదు. "పర్లేదండీ." వచ్చి కూర్చున్నాడు. మూడోసారి ఎర్ర గౌను అమ్మాయి. ఆమె తన కాలు చూపించి మొహం చిట్లించింది. అతను ఆ కాలి వంక జాలిగా చూసి, ఇంకేదో అడిగి, వెనక్కొచ్చాడు. అతను కూర్చున్నాడో లేదో బట్టతలాయన వేలితో సైగ చేశాడు, ఎర్ర గౌను ఎగిరి గంతేసింది.

దొరసానికి ముందు నవ్వొచ్చింది. ఇందుకా, ఈ నల్ల చొక్కా? ఇందుకా ఈ రంగు? ఓ తప్పు చెయ్యడం కూడా చేతకాని మనిషి! మొగుడు చెడిపోయాడని కదా కోటేసుకుని పరిగెత్తుకొచ్చింది, తీరా చూస్తే చెడిపోవడానికి కూడా ఎవరూ తోడు రావడం లేదు. ఇంతకన్నా నామోషీ ఏముంటుంది?

ఆ తర్వాత నవ్వు రాలేదు. పాట అయిపోయి ఎర్ర గౌను నీళ్ళు తాగడానికి ఇటువైపు రాగానే దొరసాని లేచి ఎదురెళ్ళింది.

"ఏమ్మాయ్, కాలు నొప్పి తగ్గిందా?"

"మీరెవరు ఆంటీ?"

"ఇందాక నువ్వు కాదన్న ముసలాడి పెళ్ళాన్ని."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "అయ్యో, అంకుల్ చాలా మంచివారాంటీ. కాకపోతే... చేతులు చెమట పడతాయి. పైగా లెక్క బయటికే చెప్తారు, అందరూ మా వంకే చూస్తారు."

"చూసుకోడానికేగా ఇన్ని అద్దాలు పెట్టింది," అంది దొరసాని, ఆమెని కిందనుంచి పైకి ఓసారి చూసి. "నీ గౌను కుట్టు పక్కన పిగిలింది. ఇందాకట్నించీ చూస్తున్నా."

అది నిజం కాదు. ఆ అమ్మాయి మాత్రం రెండు చేతులతో గౌను తడుముకుంటూ బాత్‌రూంలోకి పరిగెత్తింది.

అప్పుడు చూశాడు లిఫ్టాయన. భయపడతాడనుకుంది. సిగ్గుపడతాడనుకుంది. మొహమంతా వెలిగిపోయింది.

"నువ్వా! మెట్లెక్కే వచ్చావా?"

"లేదు, ఎగిరొచ్చా. పదండి ఇంటికి."

"ఇంకో అరగంటుందే."

"అరగంటలో ఏం ఉద్ధరిస్తారు? నేనొచ్చినప్పట్నించీ ఈ కుర్చీ వదల్లేదు మీరు. కూచోడానికైతే ఇంట్లో కుర్చీల్లేవూ? ఇంత రంగేసుకుని ఇక్కడిదాకా రావాలా?"

"ఒక్కోసారి దొరుకుతార్లే," అన్నాడతను. అందులో ఫిర్యాదు లేదు. "పోయిన నెల ఒకావిడ వరసగా రెండు పాటలకి నాతో ఆడింది."

ఆ మాట చెప్పినప్పుడు అతని గొంతులో వినిపించిన గర్వం భరించలేక దొరసాని చూపు తిప్పుకుంది. తిప్పుకున్న వైపు బట్టతలాయన పక్కవాడి చెవిలో ఏదో చెప్తూ వీళ్ళ వంక చూసి నవ్వుతున్నాడు. పిలక మాస్టారు కూడా నవ్వాడు. ఆమె మొగుణ్ణి ఇన్నేళ్ళుగా చులకన చేస్తోంది. అది ఆమె ఇష్టం, ఆమె ఇంటి సంగతి. ఆ పని చెయ్యడానికి ఈ వెధవలెవరు?

కోటు విప్పి కుర్చీ మీద పడేసింది.

"లేవండి."

"ఇంటికా?"

"కాదు. ఎటు వెయ్యాలి కాలు?"

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చేతులు ప్యాంటుకు రుద్దుకున్నాడు. ఎడమచెయ్యి ఆమెకిచ్చాడు, కుడిచెయ్యి నడుం దగ్గరికి తెచ్చి తాకీ తాకనట్టు ఆపాడు. మెత్తటి చెయ్యి, బటన్లు నొక్కిన చెయ్యి. చెమట పట్టిన మాట నిజమే.

"నేను ముందుకొస్తే నువ్వు వెనక్కి. వన్, టూ, త్రీ... ఫైవ్, సిక్స్, సెవెన్."

"ఫోర్ ఏమైంది?"

"అక్కడ ఆగాలి. ఎయిట్ దగ్గర కూడా అంతే."

"ఏం, నాలుగో అంతస్తులో ఎవరూ ఎక్కరా?"

అతను పకపకా నవ్వి, లెక్క తప్పి, ఆమె కాలు తొక్కాడు. ఆమె తిట్టింది. మళ్ళీ మొదలుపెట్టారు. రెండుసార్లు మోకాళ్ళు గుద్దుకున్నాయి. ఇతను నడిపిస్తే తెల్లారేదాకా ఇక్కడే అని తేల్చుకుని, దొరసాని అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, దుప్పటిని గుంజినట్టు గుంజింది. వెనక్కి, ముందుకి. చేతులు కలపడం, విడదియ్యడం. అతను ఆమెతో పాటు వచ్చేశాడు. ఎటు పొమ్మంటే అటు పోవడమే కదా అతని ఉద్యోగం! అది నాట్యమో మడత పెట్టడమో చూసేవాళ్ళకి తేలలేదు. ఒకరిద్దరు చూసి, నవ్వి, మళ్ళీ అద్దాల్లోకి మళ్ళారు. బట్టతలాయన మరీ దగ్గరికొచ్చి తిరుగుతుంటే దొరసాని మోచెయ్యి అతని పక్కటెముకల్లో దిగింది. ఆమె సారీ చెప్పలేదు.

"వన్, టూ, త్రీ," అంటున్నాడు లిఫ్టాయన, హాలంతా వినపడేలా. "గట్టిగానే చెప్పండి," అందామె.

పాట అయిపోయింది. ఇంకో పాట మొదలైంది. ఆమె చేతులు వదల్లేదు. అతను అడగలేదు.

దిగేటప్పుడు మెట్ల మలుపులో గోడకానుకుని నిలబడ్డాడు. "కాస్త ఆయాసంగా ఉందే."

"ఉండదూ మరి? ఈ వయసులో గంతులేస్తే."

బస్సులో అతను కిటికీ వైపు కూర్చున్నాడు. ఆమె దారి పొడుగునా ఆ హాల్లో ఉన్న ఒక్కొక్కరినీ వరసగా తీసి ఉతికింది. బట్టతలకి ఆ బొత్తాలెందుకు? ఆవిడ మడమలకి ఆ చెప్పులెందుకు? పిలకగాడి ప్యాంటు విప్పాలంటే కత్తెర కావాలేమో! అతను ఊ కొడుతూ, మధ్యమధ్య నవ్వుతూ ఉన్నాడు. ఇంటి తలుపు తాళం తీసి, ఆమె ముందు వెళ్ళేలా ఎప్పటిలాగే పక్కకు ఒదిగి నిలబడ్డాడు.

పక్క మీద వాలాక, దీపం ఆర్పబోతూ అడిగాడు. "వచ్చే శనివారం వస్తావా?"

"నాకు వేరే పన్లేదనుకున్నారా?"

అతను దీపం ఆర్పేశాడు. కాసేపయ్యాక చీకట్లో ఆమె అంది: "ఆ నల్ల చొక్కా మాత్రం వద్దు. చూళ్ళేక చస్తున్నా. ఆ నీలంది ఇస్త్రీ చేసి పెడతా."

జవాబు రాలేదు. నిద్రపోయాడనుకుంది. నిద్రే పోయాడు.

ఆదివారం పొద్దున కాఫీ పెట్టి, వంటింట్లోంచే కేకేసింది. "ఏవండీ, నాట్యం చేసొచ్చిన కాళ్ళకి ఇంకా తెల్లారలేదా?" మళ్ళీ కేకేసింది. కప్పు పట్టుకుని గదిలోకొచ్చింది. అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కప్పుకున్న దుప్పటి నిన్న ఆమె పరిచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎక్కడా పెనుగులాడిన గీత లేదు, పిడికిలి బిగించిన ముడత లేదు. దుప్పట్లు చదవడం వచ్చిన మనిషి కాబట్టి, ఒంటి మీద చెయ్యి వెయ్యకముందే ఆమెకు తెలిసిపోయింది. కాఫీ కప్పు జాగ్రత్తగా కింద పెట్టింది. ఒలకలేదు.

మధ్యాహ్నానికి కూతురొచ్చింది. వాగుడుకాయ వచ్చి, మొదటిసారి, ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. సాయంత్రం క్లబ్బు వాళ్ళు నలుగురొచ్చారు. పిలక మాస్టారు మామూలు ప్యాంటు వేసుకొచ్చాడు. బట్టతలాయన బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. ఎర్ర గౌను అమ్మాయి తెల్ల గౌనులో వచ్చి లిఫ్టాయన మొహం చూడగానే ఒక్కడుగు వెనక్కి వేసి, "అంకులేనా?" అని గొణిగింది. నిజమే, రాత్రికి రాత్రి ఎవరో ముసలి తాతలా అయిపోయాడు. బుగ్గలు లోపలికి పోయి, మూతి ముడుచుకుపోయి, కోపంగా ఉన్నట్టు ఉంది మొహం. కోపమన్నది ఎరగని మనిషికి ఈ మొహం ఎక్కణ్ణించి వచ్చిందో దొరసానికి అంతుపట్టలేదు.

"ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారాంటీ," అంటూ ఆ అమ్మాయి వెక్కిళ్ళు పెట్టింది. కాటుక కరిగి బుగ్గల మీదికి దిగింది.

"ఒక్క పాటకి లేచుంటే ఇంకాస్త నవ్వేవారు," అంది దొరసాని. అని, తన గౌను జేబులో ఉన్న చేతిరుమాలు తీసి ఆమె ఒళ్ళో పడేసింది. "తుడుచుకో. ఆ మరకలు పోవు."

అతన్ని తీసుకెళ్ళిపోయారు. కూతురు ఏడ్చి ఏడ్చి ముందు గదిలో నిద్రపోయింది. దొరసాని మొహం కడుక్కోవడానికి బాత్‌రూంలోకి వెళ్ళి దీపం వేసింది. అద్దం కింద అరమీద, మూలగా, మూత పెట్టిన గాజు గ్లాసు కనిపించింది. ఆమె దాని వంక చాలాసేపు చూసింది. ఇంతమందిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. తనకూ గుర్తు రాలేదు.

"ఇవి కూడా మర్చిపోయే వెళ్ళారు. ఒక్క పనంటే ఒక్క పని సరిగ్గా..." అంది, గట్టిగానే. వాక్యం అక్కడే ఆగిపోయింది.

గ్లాసులో, నిన్న రాత్రి పోసిన నీళ్ళలో, పై వరసా కింది వరసా కొంచెం ఎడంగా, అతని పళ్ళ సెట్టు నవ్వుతోంది.